ఒకే మగ్గం మీద ఇద్దరం

సుగియాకు, భదోహీ నుంచి రామ్‌సూరత్ దీవెనలు. ఒంట్లో బాగానే ఉంది, బెంగపడకు.

తివాచీ మగ్గం మీద నా పక్కన కూర్చునే బిసేసర్ నోరు విప్పితే చేతులు ఆగిపోతాయి. వరసలో అతని సగం ముడులు పూర్తయితేగానీ నేను పై వరస ఎత్తుకోలేను. మొన్న విసుగొచ్చి, "కబుర్లతో ముడులు పడవురా, నీ పనీ నేనే చెయ్యాలా?" అని కసిరాను.

"నీకు పక్కన మనిషెందుకన్నా, ఉత్త రెండు చేతులుంటే చాలదూ!" అని మూతి ముడుచుకున్నాడు.

అప్పట్నుంచి పని చకచకా సాగుతోంది. కానీ ఆ నిశ్శబ్దంలో నువ్వే గుర్తొస్తున్నావు, ఉండబట్టడం లేదు. ఇవాళ నేనే అడిగాను: "మీ బుడ్డిది నడుస్తోందట్రా?" చేతులు ఆపేసి మొదలెట్టాడు. అతని ముడులు నేనే వేస్తూ విన్నాను.

మేక ఈనిందా? ఇల్లు కప్పించావా? అమ్మకు దండాలు. మన చంటాడి కబుర్లన్నీ రాయించు. అవి నేను చెబుతుంటే నా చేతులు ఆగిపోవాలి, నా ముడులు బిసేసర్ వెయ్యాలి.