తానులు దిగే దారి

జూన్ 3

వీధి చివర మూడంతస్తుల పాత భవనం కొలిచి, నిలపవచ్చో కూల్చాలో రిపోర్టు రాయమన్నారు ఆఫీసులో. వారం గడువు.

కింద బట్టల కొట్టు. మధ్యలో యజమాని కుటుంబం కాపురం ఉండేదట. పైన మగ్గాల హాలు. ముందూ వెనకా గోడ బదులు కిటికీలే, ఇరవై రెండు. నేతకు వెలుతురు కావాలి కదా. మూతపడి ముప్పై ఏళ్లయింది. అద్దాలు సగం లేవు. పావురాలకు మాత్రం లోటు లేదు.

రోజంతా ఒక్కదాన్నే. అతనూ నేనూ విడిపోయాక ఫోను మూడు రోజులకోసారి ఛార్జింగ్ పెడితే సరిపోతోంది. అది ఫోను గొప్పతనం కాదు.

జూన్ 4, ఉదయం

మెట్ల దారులు రెండు. ముందు వైపుది టేకు చెక్కది, వెడల్పుగా ఉంది, మధ్య అంతస్తుతో సరి. పనివాళ్లది వెనక సందులోంచి. ఎక్కడా తలుపు లేకుండా తిన్నగా మగ్గాల దగ్గరికి పోతుంది. మెట్టు లోతు ఏడంగుళాలే. పాదం పట్టదు, పక్కకు తిరిగి ఎక్కాలి.

కింది మెట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. భవనం పడిపోయేలా ఉంది, లేవండి పెద్దమ్మా అన్నాను. పందొమ్మిదేళ్లు ఎక్కి దిగినదాన్ని, నాకా చెబుతున్నావు అంది. పైన మగ్గం నేసేదట. ఇప్పుడు మోకాళ్లు సహకరించక కింది మెట్టుతో సరిపెట్టుకుంటోంది.

జూన్ 5

ఆవిడ రాలేదు. కొలతలన్నీ మొదటిసారే కలిశాయి. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

జూన్ 6

హాలు మధ్య నేలలో రెండడుగుల చదరపు కంత దొరికింది. మీద చెక్క మూత. లోపల బావిలా చెక్క గొట్టం, మధ్య అంతస్తును దాటి కొట్టు వెనక గదిలోకి దిగుతుంది. మూత తీసి తొంగి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు.

పెద్దమ్మను అడిగాను. నేసిన తానులు తాడు కట్టి దించేది అందులోంచేనట. పనివాళ్లు కొట్టులో అడుగు పెట్టకూడదు, కొట్టువాళ్లు పైకి రాకూడదు. యజమాని మాట. తానులు దించే వంతు ఎప్పుడూ ఈవిడదే. కింద అందుకునే మనిషి ప్రతిసారీ ‘అందింది’ అనేవాడు. తొమ్మిదేళ్లు అదే గొంతు. జలుబు చేస్తే తెలిసేది, సంతోషంగా ఉంటే తెలిసేది. ఒకసారి ఈవిడ నాలుగు రోజులు జ్వరపడి వచ్చాక, ‘అందింది’ అని, కాసేపాగి, ‘తగ్గిందా?’ అన్నాడట. తగ్గిందని చెప్పిందట. అంతే మాటలు.

ఒకరోజు ‘అందింది’ అని వేరే గొంతు పలికింది. ఎవరని అడుగుతుంది? పేరు తెలియదు, మొహం తెలియదు. తర్వాత పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదట. చెప్పడానికి ఏముంది అని నవ్వింది.

జూన్ 8

ముందు గోడ పగులు పెరుగుతోందేమో చూడటానికి దాని మీద అంటించిన గాజు పలక రెండు రోజుల్లోనే విరిగింది. గోడ నాలుగంగుళాలు బయటికి ఒరిగింది. ఇంకా ఒరుగుతోంది. నిలవదు.

పెద్దమ్మకు చెప్పేశాను. ముందు తలుపులోంచి ఒక్కసారి లోపలికి పోనిస్తావా అని అడిగింది.

జూన్ 9, మధ్యాహ్నం

పోనివ్వకూడదు. నా హెల్మెట్ ఆవిడకు పెట్టి తీసుకెళ్లాను. చెప్పులు బయటే విడిచింది. వద్దన్నా వినలేదు.

కొట్టంతా ఊరికే చూసి వెనక గదిలోకి నడిచింది. ఆ గదికి కిటికీ లేదు. సరిగ్గా కంత కింద నిలబడి, నన్ను పైకి వెళ్లమంది. సందు తిరిగి, మెట్లెక్కి, మూత తీసి వంగాను. నాకు చీకటే. కనిపిస్తున్నానా పెద్దమ్మా అని ఊరికే అడిగాను.

కింది నుంచి ఆవిడ గొంతు వచ్చింది.

“కళ్లద్దాలతో సహా కనిపిస్తున్నావమ్మా.”

నా తల చుట్టూ ఇరవై రెండు కిటికీల వెలుగు. ఇన్ని రోజులు కొలిచి, ఈ ఒక్కటీ నాకు తట్టలేదు.

నేను దిగొచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది. “తొమ్మిదేళ్లు రోజూ నా మొహం చూశాడు. బజార్లో ఎన్నిసార్లు ఎదురుపడ్డాడో. ఒక్కసారి పలకరిస్తే ఏం పోయేది?”

ఆమె చేయి పట్టుకున్నాను. చాలా నెలల తర్వాత ఒక మనిషి చేయి పట్టుకోవడం.

జూన్ 10

కూల్చాలని రాసి సంతకం పెట్టాను. రిపోర్టు నీట్‌గా ఉందన్నాడు మా ఆఫీసు ఇంజినీరు. ఫోన్‌లో నిమిషం కూడా మాట్లాడలేదు.

జూన్ 14

సందుకు అడ్డంగా రేకులు కట్టేశారు. పెద్దమ్మ మళ్లీ రాలేదు. ఆ పక్క ఇళ్లలో అడిగాను. కూతురు వచ్చి తీసుకెళ్లిందన్నారు.

జూన్ 19

బస్‌స్టాప్‌లో రోజూ కనిపించే ఆయన్ని బాగున్నారా అని అడిగాను. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసుకున్నాడు. నన్నేనా అన్నాడు.

మిమ్మల్నే అన్నాను.