కట్టేసిన చెయ్యి

అమ్మా,

నేను క్షేమమే. రాత కోడి కెలికినట్టుందని కంగారుపడకు, ఇది ఎడమచేతి రాత. గుడ్డల తాను మోస్తూ టైలరు కొట్టు మెట్ల మీద జారాను. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా తిండి, గుండీలు, కత్తిరింపు అన్నీ ఎడమచేత్తోనే. "ఓపిక పట్టమ్మా, అదే అలవాటవుతుంది" అన్నాడు డాక్టరు. నవ్వొచ్చింది నాకు. చిన్నప్పుడు నా ఎడమచేతిని గుడ్డపీలికతో నడుముకి కట్టేసి, కుడిచేతికి పలక బలపం ఇచ్చి నువ్వన్నదీ ఆ మాటే.

నిన్న చొక్కా గుడ్డ కత్తిరించబోతే కత్తెర నమిలి పారేసింది. మాస్టరు చూసి, "కత్తెరలన్నీ కుడిచేతి వాటానికే చేస్తారే, నీ పుర్రచేతికి ఎవడు చేస్తాడు?" అన్నాడు. పుట్టుకతో నాదైన చెయ్యి ఇవాళ పరాయిదానిలా భుజానికి వేలాడుతోంది. ఓపిక వస్తోంది గానీ చెయ్యి రావడం లేదు.

నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నా పాత దుప్పటి ఎవరైనా ఇటు వస్తుంటే పంపు.

అన్నట్టు, నా మేనకోడలు ఎడమచేత్తో చెంచా పడుతోందని నువ్వు దానికీ పీలిక కట్టావట. మరదలు నీకు చెప్పలేక నాకు రాసింది. ఇవాళే విప్పెయ్యి. ఈ కార్డు కూడబలుక్కుని చదవడానికి నీకు పట్టిన ఓపికలో సగం ఆ పసిదాని మీద చూపించు, చాలు.

తమ్ముణ్ణి అడిగానని చెప్పు. పిల్లదాని ఎడమచేతికి నా ముద్దులు.

నీ పుర్రచేతి కూతురు