నీళ్ళెక్కువైన మొక్కలు

పెదవేగి,
ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యులైన అన్నయ్య గారికి,

మీ చెల్లెలు వరలక్ష్మి పాదాలకు మొక్కి రాస్తున్నాను. ఇక్కడ నేనూ మీ బావగారూ బాగానే ఉన్నాం. మీరూ వదినా ఎలా ఉన్నారు? మండవల్లిలో వానలు తగ్గాయా? ఫోనులో మీ గొంతు వినగానే ఏడుపొచ్చి సగం మాటలు మింగేస్తున్నాను, అందుకే ఈ ఉత్తరం.

తుపానులో ఇల్లు కూలి ఎనిమిది నెలలైంది. అరవై దాటాక ఈ ఎర్రమట్టిలో మళ్ళీ కాపురం మొదలుపెట్టాం. ఈ పామాయిల్ నర్సరీలో మీ బావగారికి మొక్కలకు నీళ్ళు పెట్టే పని, దానితోపాటు ఉండడానికి రెండు గదులు. తిండికి లోటు లేదు. చేపలు మాత్రం ఐసులో వస్తాయి. కొల్లేటి దగ్గర పుట్టినవాళ్ళకు ఆ కూర ఏం రుచిస్తుంది? అయినా తింటున్నాం, దిగులు పడకండి.

పోయిన నెల పెద్ద గండమే గడిచింది. సంచుల్లో పెంచే మొక్కలన్నీ ఉన్నట్టుండి పసుపెక్కాయి. మీ బావగారు నలభై ఏళ్ళు వరి పండించిన మనిషి కదా, ప్రతి సంచిలోనూ నీళ్ళు నిలిచేదాకా పెట్టారు. వద్దంటే నాకే పాఠం చెప్పారు. తీరా చూస్తే వేళ్ళు కుళ్ళిపోయాయి. రెండు రోజులు ఆయన అన్నం సరిగా తినలేదు. పని పోతే గదులూ పోతాయి. మీరు మాకోసం ఖాళీగా ఉంచిన కింది గదికి వచ్చేద్దామని బట్టలు సర్దేశాను. నిజం చెబుతున్నానన్నయ్యా, మీరెంత ప్రేమగా పిలిచినా ఈ వయసులో పుట్టింటికి చేరాలంటే సిగ్గేసింది. సర్దుతున్నంతసేపూ ఏడ్చాను.

యజమాని రాగానే మీ బావగారే ఎదురెళ్ళారు.

"నా చేతులారా పాడుచేశానండీ. వరిమడికి పెట్టినట్టు పెట్టేశానండీ."

యజమాని కోప్పడలేదు. ఒక సంచిలో మట్టిలోకి వేలు పెట్టి చూపించారు. "ఇదిగోండి, ఇలా తడి తగిలిందనుకోండి, ఆ పూట నీళ్ళొద్దండి. మా నాన్నగారు ఉండి అనే ఊళ్ళో వరి వదిలి ఇక్కడికి వచ్చిన కొత్తలో అచ్చం ఇలాగే చేశారండి."

అంతే, వెళ్ళమనలేదు. ఇప్పుడు మీ బావగారు తెల్లారగానే నాడి చూసే వైద్యుడిలా ఒక్కో సంచిలో వేలు పెడుతూ తిరుగుతున్నారు. గోళ్ళ నిండా మట్టే. అన్నానికి కూర్చునే ముందు నేను సబ్బు పట్టుకుని వెంటపడాలి. విసుక్కుంటాననుకోండి, కానీ తుపాను తర్వాత ఆయన ఈలవేయడం ఇప్పుడే విన్నాను.

ఎవరైనా ఏలూరు వస్తుంటే నాలుగు ఆనప గింజలు పంపండి. ఇక్కడ గోడ పక్కన పాదుకు చోటుంది.

ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. వదిన మోకాళ్ళ నొప్పులతో రోజూ మేడ మెట్లెక్కుతున్నారని మొన్న వచ్చిన మనూరి చాకలి సూరమ్మ చెప్పింది. మాకోసమే కదా ఇన్నాళ్ళూ కింది గదిలో పడుకోలేదు. ఇవాళే వదిన మంచం కిందికి దింపించండి. మేం తప్పకుండా వస్తాం. చుట్టపుచూపుగా వస్తాం, నాలుగు రోజులుండి మా ఇంటికి వెళ్ళిపోతాం.

పెద్దలందరికీ మా ఇద్దరి నమస్కారాలు చెప్పండి. మీ దీవెన మామీద ఉండాలి.

మీ చెల్లెలు,
వరలక్ష్మి