దీవి చెట్టుకు కొట్టిన మందు

సత్తెనపల్లి మండలం,
నవంబరు 2003

చెల్లెలు కోటిరత్నానికి అన్నయ్య రాసేది. అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో.

గుంటూరులో ఇల్లు కట్టిన దగ్గర్నుంచీ నువ్వు నన్ను వరండా దాటనివ్వలేదు. కాఫీ అక్కడికే, అన్నమూ అక్కడికే. హాల్లో ఫ్యాను కింద మాత్రం ఆ కుండీ మొక్క. మనిషికి లేని మర్యాద మొక్కకా అని మన ఊరి టీకొట్టు దగ్గర పదిమందిలో అన్నాను కూడా.

మొన్న ఆదివారం నువ్వు బజారుకెళ్లినప్పుడు బావే లోపలికి పిలిచాడు.

“ఇది మడగాస్కరనే దీవిలో చెట్టు బావా. అరెకా పామ్ అంటారు. గాలి శుభ్రం చేస్తుందని నర్సరీవాడు ఇచ్చాడు.”

“మన పోకచెట్టు చుట్టంలా ఉంది. ముందు దీని ఒంటి మీద నల్లి సంగతి చూడు,” అని ఆకు తిప్పి, రసం పీల్చే ఆ సన్న పురుగుల్ని చూపించాను. బావ నవ్వి, పక్కగదిలో నడుం వాల్చాడు.

మిరప చేనుకని ఆ పొద్దున కొన్న మందు సంచిలోనే ఉంది. ఈ ఇంట్లో నేనూ ఒక పనికొస్తానని చూపిద్దామనుకున్నాను. మగ్గులో కలిపి, చీపురుతో మొక్కంతా చిలకరించాను. కిటికీలు మూసి ఉన్నాయన్న ఆలోచనే రాలేదు. చేలో కిటికీలుంటాయా?

బావ గోడ పట్టుకుని వచ్చాడు. నోరు తెరిచి గాలి కోసం తన్నుకున్నాడు. మేడ మీంచి పరుగెత్తుకొచ్చి నీ కొడుకు ఆయన్ని ఆటో ఎక్కిస్తుంటే నేను చీపురుతో అలాగే నిలబడ్డాను. అప్పుడు నీ కోడలు మాధురి అంది:

“మిమ్మల్ని వరండాలో ఎందుకు కూర్చోబెడతామనుకున్నారు పెదనాన్నగారూ? మీ చొక్కాకున్న మందు వాసనకే మామయ్యగారికి ఆయాసం వస్తుంది. చెబితే అన్నయ్య మళ్లీ మా గడప తొక్కడని అత్తయ్య మా నోళ్లు మూయించింది.”

నాకెందుకు చెప్పలేదని నీ మీద కోపం తెచ్చుకోబోయాను. రాలేదు. టీకొట్టు వైపు పోవడం మానేశాను. అన్నం ముందు కూర్చుని చెయ్యి వాసన చూసుకుంటున్నాను. నాకేమీ తెలియడం లేదు. ఇన్నేళ్లూ మీ అందరికీ కొట్టిన కంపు నా ముక్కుకి అందలేదు.

ఫోను చేస్తే “ఆస్పత్రిలో ఉన్నారు” అని పెట్టేస్తున్నారు. బావ ఎలా ఉన్నాడో, నా మొహం చూస్తాడో లేదో వచ్చే గురువారంలోగా రాయి. రావద్దంటే రావద్దనే రాయి, పడతాను. కానీ నువ్వే రాయాలి. గురువారం దాటి ఉత్తరం రాకపోతే శుక్రవారం తొలి బస్సుకి వచ్చి, ఆస్పత్రి గేటు బయట రోడ్డు మీద నిలబడతాను.

నీ అన్న
యలమందయ్య