భాషా అవరోధం: లేదు

2025 ఆగస్టు 11

నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు తప్పుతాయి. నాలుగో తరగతి దాకా రాయచూరు దిక్కు మా అమ్మగారి ఊళ్లో కన్నడ బడి. తర్వాత మూడేళ్లు గద్వాలలో మేనత్త ఇంట్లో ఉండి తెలుగు బడి. రెండూ సగం సగమే వచ్చాయి. తప్పులుంటే మన్నించాలి. ఎవరు మన్నించాలో నాకే తెలియదు, ఇది ఎవరికీ చూపించను.

ఈ నోట్‌బుక్ దవాఖాన వాళ్లు ఇచ్చారు. అట్ట మీద ‘మీ భాషలో మీ వైద్యం’ అని నాలుగు భాషల్లో ఉంది. నేను గద్వాలలో వాళ్ల దవాఖానలోనే ఆయాను. ఫ్లోర్లు తుడుస్తాను, బెడ్‌షీట్లు మారుస్తాను. గద్వాలలో ఒకటి, వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూలులో ఒకటి, ఈ దవాఖానకు మూడు బ్రాంచీలు. మూడింటికీ కలిపి ఐదేళ్ల ప్లాన్ వేస్తున్నారట. ఏ భాష వాళ్లు వచ్చినా, ఏ ఆచారం వాళ్లు వచ్చినా ఇబ్బంది పడకూడదట. కన్నడ వచ్చినవాళ్లు ఎవరని మా దవాఖాన చూసుకునే జయశ్రీ మేడమ్ అడిగితే, నర్సులంతా నా వైపు చూశారు. నేను చీపురు వైపు చూశాను.

ఆగస్టు 13

ట్రైనింగ్. హైదరాబాద్ నుంచి ప్రేమ్ కుమార్ సార్ వచ్చాడు. ప్లాన్ రాసేది ఆయనే. ఏసీ గదిలో కుర్చీ మీద కూర్చోబెట్టారు. కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సార్ చెప్పింది ఒక్కటే నాకు బాగా గుర్తుంది. ఇంటర్‌ప్రెటర్ పైపు లాంటి మనిషి అన్నాడు. ఇటు పోసిన నీళ్లు అటు రావాలి, అంతే. ఒక మాట కలపొద్దు, ఒక మాట తీయొద్దు, సొంత తెలివి వాడొద్దు. అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

తర్వాత కల్చర్ అని స్లైడ్లు వేశారు. బతుకమ్మ ఫొటో, పీర్ల పండుగ ఫొటో, లంబాడి ఆడవాళ్ల అద్దాల రవికె ఫొటో. ఇంకేమైనా చెప్పాలనుకుంటే చెప్పండమ్మా అన్నాడు. నాకు ఒకటి చెప్పాలనిపించింది. ఆడవాళ్లు కొన్ని సంగతులు బావ ముందు చెప్పరు సార్ అని. పెనిమిటి అన్న ముందు మా దిక్కు ఆడవాళ్లు తల ఎత్తరు. మా ఇంట్లో కూడా అంతే. రాజన్న బావకు నీళ్లు కావాలంటే చెంబు గడప దగ్గర పెట్టి పక్కకు జరుగుతాను. ఆరేళ్లయింది, ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడలేదు.

చెప్పలేదు. టీ వచ్చింది, అందరూ లేచారు.

ఆగస్టు 14

మెడలో బ్యాడ్జి వేశారు. కన్నడ అని రాసి ఉంది. మా అత్త తిమ్మమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది. మా ఇంట్ల మామ ముంగట నోరు తెరవని పిల్ల, గాడ డాక్టర్లకు నోరయిందంట, ఇగ జర మాకు గూడ జెప్పు తల్లీ అని వాకిట్లో నలుగురికీ వినబడేటట్టు అన్నది. మగ్గం గుంతలో కూర్చున్న మా ఆయన మల్లేశ్ నవ్వాడు. పోటు వేస్తూనే నవ్వాడు.

నాకు లోపల సంతోషంగానే ఉంది. నిజం రాయాలి కదా.

ఆగస్టు 20

అన్నం తినకుండానే రాయడానికి కూర్చున్నాను. ఏమీ కాలేదు, అయినా.

పొద్దున పది గంటలకు ఓపీలోకి పిలిచారు. ఆమె పేరు పుష్పమ్మ. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో, నా ఈడే. రాయచూరు దిక్కు నుంచి సీడు పత్తిలో క్రాసింగ్‌కు, అంటే పూలకు చేత్తో పుప్పొడి రుద్దే పనికి, వచ్చిన కూలీల గుంపు. గట్టు మండలంలో ఒక చేనులో గుడిసెలు వేసుకున్నారట. మొగుడు ఊళ్లోనే ఉన్నాడు. తోడు వచ్చింది మొగుడి అన్న. గుంపుకు మేస్త్రీ ఆయనే. ఆమె వెనకాలే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు, కళ్లలో భయం ఉంది.

డాక్టర్ క్రాంతి కుమార్ సార్ ఎక్కడ నొప్పి అని అడిగాడు. అడిగాను. కడుపులో అన్నది. చెప్పాను. నెల తప్పిందా అని అడిగాడు. అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. లేదంట సార్ అన్నాను. రక్తం ఏమైనా పోతున్నదా అన్నాడు. అడిగాను. ఆమె నా ముఖం వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. బావ ముందు నేను చూసే చూపే అది. లేదు అన్నది.

లేదంట సార్ అన్నాను.

ఆమె బావను కొంచెం బయట నిలబడమనండి సార్ అంటే అయిపోయేది. అది ఆమె చెప్పిన మాట కాదు కదా. సొంత తెలివి అవుతుంది. సార్ గ్యాస్ గోళీలు రాశాడు.

బయటికి వచ్చాక బాత్రూమ్ చూపించమని నా చెయ్యి పట్టుకుంది. లోపల తలుపు వేసి ఏడ్చింది. రెండు నెలలు తప్పాయట. ఎనిమిది రోజుల నుంచి కొంచెం కొంచెం రక్తం. ఒక పక్క పొడుస్తున్నది, భుజం కూడా గుంజుతున్నది, గుడ్డలు పెట్టుకునే చేనులో క్రాసింగ్ చేస్తున్నా అక్కా అన్నది. డాక్టరుకు నువ్వే చెప్పు, మా బావ చెవిన పడొద్దు అన్నది. చెప్తా అన్నాను. అమ్మ తోడు అని కూడా అన్నాను.

డాక్టర్ గది వైపు పోతుంటే జయశ్రీ మేడమ్ పిలిచింది. ఫొటోగ్రాఫర్ పోతున్నాడు, పోస్టర్‌కు నీది కావాలె, జల్ది రా, ఆ పేషెంట్‌ను గూడ తీసుకరా, ముఖం కళగ ఉంది అన్నది. ఫొటోకు ఒప్పుకున్నట్టు కాగితం మీద ఆమె బావ వేలిముద్ర వేశాడు. నన్ను పుష్పమ్మ చెయ్యి పట్టుకోమన్నారు. ఆమెను నవ్వమన్నారు. నవ్వమంటున్నారు అని నేనే కన్నడంలో చెప్పాను. ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని ఆమె నవ్వింది. లైటు బాగాలేదని మళ్లీ తీశారు. మళ్లీ నవ్వమన్నాను.

అయ్యేసరికి డాక్టర్ సార్ వెళ్లిపోయాడు. బుధవారం మధ్యాహ్నం ఆయన వనపర్తి బ్రాంచీ. ఆటోలో కూర్చుని పుష్పమ్మ నా వైపు చూసి తల ఊపింది. చెప్పేశావు కదా అన్నట్టు. నేనూ ఊపాను.

నర్సుకు చెప్పొచ్చు. సార్‌కు ఫోన్ చేయమని మేడమ్‌ను అడగొచ్చు. రెండుసార్లు కౌంటర్ దాకా పోయాను. అక్కడ మగవాళ్లు ఉన్నారు. రేపు చెప్తాను.

ఆగస్టు 21

డాక్టర్ సార్ సెలవు.

ఆగస్టు 22, మధ్యాహ్నం

పొద్దున ఏడింటికి పుష్పమ్మను తెచ్చారు. ట్రాలీ ఆటోలో, గడ్డి మీద. ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. కడుపు లోపల పగిలిందని డ్యూటీ డాక్టర్ అన్నాడు. గర్భం సంచిలో కాకుండా పక్కన ట్యూబులో పెరిగిందట. కర్నూలు తీసుకుపొమ్మని అంబులెన్సు ఎక్కించారు. నన్ను ఎక్కమని ఎవరూ అనలేదు. నేనూ ఎక్కలేదు.

అలంపూర్ చౌరస్తా దాకా కూడా ప్రాణం నిలవలేదట.

ట్రాలీ కింద పడిన రక్తం నేనే తుడిచాను. అది నా పనే.

ఆగస్టు 25

మేడమ్ గదిలో ఎంక్వైరీ. క్రాంతి కుమార్ సార్ గదిలోనే ఉన్నాడు, ప్రేమ్ కుమార్ సార్ ఫోన్‌లో. సార్ రక్తం సంగతి అడిగిండా లేదా అని మేడమ్ అన్నది. అడిగాడు అన్నాను. నువ్వు కన్నడంల అడిగినవా. అడిగాను. ఆమె గదిలో ఏమన్నది. లేదన్నది.

గదిలో అని అడిగారు. బాత్రూమ్‌లో అని ఎవరూ అడగలేదు. నోరు తెరిచాను. మేడమ్ ఇంక పో అన్నది. మూసుకున్నాను.

కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇంటర్‌ప్రెటర్: ఉన్నారు. భాషా అవరోధం: లేదు. రూల్ ప్రకారం నడిచిన మొదటి కేసు ఇదే, రిపోర్టులో పనికొస్తుంది అని ఫోన్‌లో ప్రేమ్ కుమార్ సార్ అంటుంటే విన్నాను.

ఆగస్టు 26

మా ఆయనకు చెప్పాను. మొత్తం చెప్పాను. పోటు వేసే నాడె పక్కన పెట్టి విన్నాడు. తర్వాత, అయిందేదో అయింది, ఊకో, ఎవరితోని అనకు, ఆమె నీకేమైతదే అన్నాడు. మళ్లీ పోటు వేశాడు.

ఆగస్టు 30

అత్త నాకు దిష్టి తీసింది. తిండి తింటలేదు, దవాఖానల గాలి సోకిందని.

సెప్టెంబర్ 9

ఇవాళ ప్లాన్ విడుదల. మూడు బ్రాంచీల డాక్టర్లు వచ్చారు. షామియానా, పూలు, ఉప్మా. స్టేజి వెనక మనిషి కంటే పెద్ద పోస్టర్. నేను, పుష్పమ్మ. ఆమె నవ్వుతున్నది. కడుపు మీద ఉన్న చెయ్యిని కత్తిరించారు.

మేడమ్, ఈమెనే కదా అన్నాను. ప్రింట్ అయిపోయినయమ్మా, మూడు ఊళ్లకు పోయినయి, ఎవరు గుర్తుపడతరు అన్నది.

కుర్చీలు నిండాలని సీడు చేన్ల నుంచి కన్నడ కూలీలను రెండు ఆటోల్లో తెచ్చారు. వెనక వరుసలో కూర్చోబెట్టారు. వాళ్లు వచ్చినప్పటి నుంచి పోస్టర్‌నే చూస్తున్నారు. ఎవరూ ఉప్మా ముట్టలేదు.

నన్ను మైక్ దగ్గరికి పిలిచారు. కన్నడంలో రెండు ముక్కలు, అందరికీ స్వాగతం, మా దవాఖాన మీది, అని. చీటీ రాసిచ్చారు. నా జీవితంలో మైక్ పట్టుకోలేదు. మామ ముందే మాట్లాడనిదాన్ని.

చీటీ చదవలేదు. కన్నడంలో ఇట్లా అన్నాను. పుష్పమ్మ నాకు చెప్పింది. బావ ఉన్నాడని గదిలో చెప్పలేదు, బాత్రూమ్‌లో చెప్పింది. రెండు నెలల సంగతి, రక్తం సంగతి, అన్నీ. డాక్టరుకు చెప్తానని అమ్మ మీద ఒట్టు వేశాను. చెప్పలేదు. ఫొటో దిగాను. ఈ ఫొటోనే.

ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. ప్రేమ్ కుమార్ సార్ లేచి నిలబడి కొట్టాడు. ఎంత ఫీల్ అయ్యి మాట్లాడింది చూడండి, తెలుగులో కూడా చెప్పమ్మా అన్నాడు. మేడమ్ నవ్వుతూ నా వైపు చూసింది.

అందరికీ నమస్కారం అన్నాను సార్ అన్నాను.

వెనక వరుసలో ఒక్క చెయ్యి కూడా కదల్లేదు.

సెప్టెంబర్ 10, ఉదయం 6:10

వాచ్‌మన్ శంకరయ్య ఫోన్ చేశాడు. గేటు ముందు ఎవరో ముసలామె తెల్లారకముందు నుంచి కూసున్నది, అడిగితే పలకదు, నీ బ్యాడ్జి తీరు మెడ మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది అన్నాడు. పక్కన ఒక మొగాయన నిలబడి ఉన్నాడట, చేతులు కట్టుకుని.

ముసలామె పుష్పమ్మ తల్లేమో. ఈసారి ఆ బావ ముందే చెప్పాలి. ఆయన ముఖం చూసి చెప్పాలి.

పోతున్నాను. ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే చదవకుండా పొయ్యిలో పెట్టండి. అట్ట ప్లాస్టిక్‌ది, తొందరగా అంటుకోదు. ముందు అట్టనే కాల్చండి.