మంచును బూడిద రంగులో తీసిన కెమెరా

ట్రాయ్, మిషిగన్
బుధవారం సాయంత్రం

రమణన్నయ్యకి,

నీ చెల్లెలు విజయ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ, బుజ్జిగాడు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ మోకాలికి నూనె రాస్తోందా, లేక సీసా అలమరలోనే ఉందా? నా గురించి బెంగపడవద్దని చెప్పు. వేళకి తింటున్నాను, స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుంటున్నాను, నిజంగానే బాగున్నాను.

నువ్వు నా ఫోన్ ఎత్తవు. వాట్సాప్‌లో పెడితే నీలం గీతలు పడతాయి, జవాబు రాదు. అందుకే కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి వదిన ఫోన్‌కి పంపుతున్నాను. వదిన పైకి చదువుతుంటే మధ్యలో లేచిపోవడం నీకు చేతకాదు. వదినా, ఒకవేళ లేస్తే తలుపు గడియ పెట్టెయ్యి. ఈసారి విషయం నాది కాదు, హారికది. మన బస్టాండు వెనక వీధి లెక్కల మాస్టారి అమ్మాయి. శుక్రవారం సాయంత్రంలోగా నువ్వొక పని చెయ్యకపోతే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది.

హారికా, నేనూ, కరీంనగర్ అమ్మాయి లావణ్యా ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామని వదినకి తెలుసు. నాకింకా ఒక సెమిస్టర్ ఉంది. చదువు కాక క్యాంపస్ క్యాంటీన్‌లో పళ్ళాలు మెషీన్‌లో పెట్టి తీస్తుంటాను. అక్కడ వాళ్ళు పెట్టే అన్నం ఉప్పులేని గంజిలా ఉంటుంది, ఇంటికొచ్చి గోంగూర పచ్చడితో మళ్ళీ తింటాను. ఎండ అనేది కిటికీలోంచి చూడ్డానికే గానీ ఒంటికి తగలదు. పార్కింగ్‌లో మంచు నడుమెత్తు కుప్పలు పోసి ఉంది.

హారిక చదువు డిసెంబర్‌లోనే అయిపోయింది. ఓపీటీ మీద ఉంది, అంటే చదువయ్యాక ఉద్యోగం చేసుకోమని ఇచ్చే గడువు. అందులో ఖాళీగా ఉండనిచ్చే రోజులకి ఒక హద్దుంది. హారికకి ఆ హద్దు దగ్గరపడింది. సరిగ్గా అప్పుడు ఇక్కడే ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. ఇది జారిపోతే ఇంకోటి వెతికే వ్యవధి లేదు, పెట్టె సర్దుకుని రావడమే.

చేరేముందు మనిషి ఆ మనిషేనా అని చూసే పని ఆ కంపెనీ ఇంకెవరికో అప్పజెప్పింది. పాస్‌పోర్టులోని వీసా పేజీ, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి వాళ్ళ సాఫ్ట్‌వేర్ పోలుస్తుంది. మూడే అవకాశాలు. మొదట ఫోన్‌తో తీసింది పెట్టాం. సరిపోలలేదంది. లావణ్య ఫోన్ మనం అడగకపోయినా ముఖాన్ని నున్నగా చేసేస్తుంది, చర్మం మీద ఒక్క మచ్చ ఉండనివ్వదు. అప్పుడు నేను లేచి, "ఫోన్లన్నీ అబద్ధాలకోర్లు. నా దగ్గర నిజం చెప్పే కెమెరా ఉంది," అన్నాను.

ఏ కెమెరానో నీకు తెలుసు. పెళ్ళిసంబంధాలకని నువ్వు నా ఫోటోని నేనే ఆనవాలు పట్టలేనంత తెల్లగా చేసినప్పుడు నేను నీ ఫోటో స్టూడియో అద్దానికి 'ఇచ్చట ముఖములు తెలుపు చేయబడవు' అని కాగితం అంటించాను కదా. నువ్వది చింపి ఉండచుట్టావు. నేను బయల్దేరే రోజున ఆ చిన్న కెమెరా నా బ్యాగులోకి విసిరి ఏమన్నావో మర్చిపోలేదు. "నిజం నిజం అని ప్రాణాలు తోడతావుగా, తీసుకుపో. దీంతో తీస్తే అందరూ బొగ్గులే. ఒక్క కస్టమరైనా దీని ఫోటో ఇంటికి పట్టుకెళ్ళలేదు." నువ్వు తిట్టావు, నేను బిరుదనుకున్నాను. రంగు వివక్ష మీద చదివిన కరపత్రాలన్నీ నా పక్కనే నిలబడ్డట్టు అనిపించింది.

తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ ఉండాలన్నారు. గోడకి దుప్పటి కట్టాం. ముఖం మీద నీడ పడుతోందని పక్కలకి రెండు, కింద ఒకటి పరిచాం. హారికని మధ్యలో కూర్చోబెట్టి తీశాను. కెమెరా వెనక తెరమీద చూసి లావణ్య నవ్వింది.

"ఏందే ఇది, గింత నల్లగొచ్చింది? మన హారికనేనా, పొయ్యిలకెళ్ళి తీసినవా?"

హారిక నవ్వలేదు. కెమెరా అందుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. "విజ్జీ, నేను ఇంత నలుపుండను," అంది.

అంతే, నాకు ఒళ్ళు మండింది. రంగు గురించి, మన మెదళ్ళలో కూర్చున్న దొరల గురించి, ముఖానికి పూసుకునే క్రీముల వ్యాపారం గురించి నిలబడి ఉపన్యాసం దంచాను. "నీ ముఖం చూసి నువ్వే సిగ్గుపడుతుంటే ఇంక ఎవరు గౌరవిస్తారే" అని కూడా అన్నాను. హారిక అదే ఫోటో పెట్టింది. రాత్రికల్లా జవాబొచ్చింది: సరిపోలలేదు. ఇక ఒక్క అవకాశం మిగిలింది. ఈసారి సాఫ్ట్‌వేర్ కాదు, మనిషే కూర్చుని చూస్తారట. ఫోటోతోపాటు ఇంకేదైనా ఆధారం ఉంటే జతచెయ్యవచ్చట. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు.

పొద్దున్నే బస్సు కోసం నిలబడి, మంటంతా ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ఎదురుగా ఉన్న మంచుకుప్పను ఫోటో తీశాను. చూస్తే మంచు బూడిద రంగులో ఉంది. సిమెంటు బస్తా పగిలి పోసినట్టు. కళ్ళెత్తి చూస్తే తెల్లగా మెరుస్తోంది, తెరమీద బూడిద. మళ్ళీ తీశాను, మళ్ళీ బూడిదే. మంచుకి ఎవరూ ఫెయిర్‌నెస్ క్రీము అమ్మరు కదా అన్నయ్యా. దానికి సిగ్గూ లేదు, గర్వమూ లేదు. మరి దాని ముఖం ఎందుకు నల్లబడింది?

బస్సు వదిలేసి ఇంటికి తిరిగొచ్చాను. తెల్ల కాగితం తీశాను, మాసిన కాగితంలా వచ్చింది. లావణ్య నల్ల జాకెట్టు తీశాను, ఉతికి ఉతికి వెలిసినట్టు వచ్చింది. ఇటుక గోడ ముందు నా చెయ్యి పెట్టి తీసి, ఫోటో పక్కనే చెయ్యి పెట్టి చూసుకున్నాను. చెయ్యి చెయ్యిలాగే ఉంది. అప్పుడర్థమైంది. ఎదురుగా అంతా తెలుపే ఉంటే ఈ కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అంతా నలుపుంటే పెంచేస్తుంది. దానికి తెలిసింది మధ్యరకం ఒక్కటే. తెల్ల దుప్పట్ల మధ్య కూర్చున్న మనిషి ముఖాన్ని దుప్పట్లతోపాటు చీకటి చేసింది. నీ స్టూడియోలోనూ తెల్ల తెర ముందే కదా దీన్ని పరీక్షించావు. ముఖాలు నల్లగా వచ్చాయని నువ్వు పనికిరాని కెమెరా అన్నావు. ముఖాలు నల్లగా వచ్చాయనే నేను నిజాయితీ కెమెరా అన్నాను. మనిద్దరం చూసినవి ఒకేరకం ఫోటోలు. ముఖాన్ని దగ్గర పెట్టుకుని పోల్చి చూసింది హారిక ఒక్కతే. దాన్ని నేను తిట్టాను.

క్షమాపణ చెప్పడం నాకు సరిగ్గా రాదని నీకు తెలుసు. "నువ్వన్నది కరెక్టే, కెమెరాకి బుద్ధి లేదు," అన్నాను. "కెమెరాకేనా?" అంది.

వెనకవైపు ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఉంది, దాన్ని ప్లస్ వైపు జరిపి మళ్ళీ తీశాను. ఈసారి హారిక హారికలాగే వచ్చింది. గడ్డం కింద చిన్న గాటు, ముక్కుపుడక తీసేసిన చుక్క, అన్నీ ఉన్నాయి. ముగ్గురం ఒప్పుకున్నాం. కానీ వీసా పేజీ పక్కన పెడితే ఇద్దరు వేరువేరు మనుషుల్లా ఉన్నారు. ఆ వీసా ఫోటో నీ స్టూడియోలో తీసింది. అందులో హారిక పాలరాతి బొమ్మ. గాటు లేదు, చుక్క లేదు. బుగ్గలు కూడా లోపలికి నొక్కినట్టున్నాయి.

లావణ్య ఫోన్ తీసింది. "ఒక్క నిమిషం పని గదనే. యాప్‌ల పెట్టి గట్లనే తెల్లగ జేద్దాం. రెండు బొమ్మలు ఒక్కతీరు గావాలె, అంతేగా."

"దాన్ని ముట్టుకుంటే ఫోన్ మంచులో విసిరేస్తాను," అన్నాను.

హారిక లేచి నిలబడింది. తను గొంతు పెంచడం నేను ఎప్పుడూ వినలేదు. "నీ కరపత్రాలు నాకు జీతం ఇస్తాయా విజ్జీ? సోమవారం నేను ఆ గేటు లోపల ఉండాలి. వాళ్ళకి కావలసింది ఆ బొమ్మ. ఇస్తే ఇస్తాను. నీకేం పోయింది?"

"ఆ బొమ్మని చేసినవాణ్ణి అడుగుతాను," అన్నాను. "మా అన్నయ్యని. నిన్నడక్కుండా నీ ముఖం మార్చే హక్కు ఆయనకి ఎవరిచ్చారు?"

"నేనే ఇచ్చాను," అంది.

తర్వాత కూర్చుని మెల్లగా చెప్పింది. ఆ రోజు నువ్వు, "వీసాకి కదమ్మా, ఉన్నదున్నట్టు ఇస్తాను," అన్నావట. తనే బతిమాలిందట. "అమెరికావాళ్ళు చూసే ఫోటో అన్నయ్యా, కొంచెం తెలుపు చెయ్యండి, ఆ గాటు తీసెయ్యండి." నువ్వు రెండుసార్లు వద్దన్నావట. ఇదంతా నాకెందుకు చెప్పలేదన్నయ్యా? కాగితం అంటించిన రోజున అందరి ముఖాలూ మారుస్తావని అందరిముందూ నిన్ను తిడుతుంటే, అడిగిన పిల్ల పేరు నీ నోట్లోంచి రాలేదు. అందుకని నువ్వు చేసింది ఒప్పైపోతుందని నేననను. వద్దన్నవాడివి మూడోసారీ వద్దనాల్సింది. కానీ నేను తిట్టింది నీ ఒక్కణ్ణే, అది మాత్రం సరైన లెక్క కాదు.

ఇవాళ మధ్యాహ్నం ఇద్దరం యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళాం. వీసా ఫోటో మార్పించిందని తెలిస్తే ఏం చేస్తారో అని హారిక దారంతా అడుగుతూనే ఉంది. అక్కడావిడ రెండు ఫోటోలూ చూసి, కళ్ళజోడు తీసి మళ్ళీ చూసి, తొణక్కుండా చెప్పింది. అప్పుడు స్టూడియోలో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పుకోవచ్చు. ఇప్పుడు తెలిసి ఫోటో మార్చి, ఫారంలో మార్చలేదని టిక్ పెడితే మాత్రం తను సాయం చెయ్యలేనంది. ఆ రోజు తీసిన అసలు ఫోటో, దిద్దకముందుది ఉంటే జతచెయ్యమంది. అప్పటి ముఖం, ఇప్పటి ముఖం ఒకటేనని చూసే మనిషికి తెలుస్తుందంది. తప్పకుండా ఒప్పుకుంటారని మాత్రం అనలేదు.

బయటికి రాగానే హారిక, "మీ అన్నయ్య దగ్గర ఉంటుందంటావా?" అంది. ఉంటుందన్నాను. నువ్వు ఏ ఫోటో చెరపవు. ఆల్బమ్ డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళ పెళ్ళిళ్ళు కూడా హార్డ్ డిస్క్‌లో దాచిపెడతావు. నాతో ఎంత కోపమున్నా ఆ మాట నీ గురించి ధైర్యంగా చెప్పాను.

కాబట్టి ఇది చదవగానే స్టూడియోకి వెళ్ళు. రెండేళ్ళ కిందట జూన్‌లో, పసుపు చుడీదార్. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు, వెలుతురు కూడా దిద్దకుండా పంపు. వాట్సాప్‌లో పెడితే ఫోటో నలిగిపోతుంది, మెయిల్ చెయ్యి. నా మీద కోపం ఉంటే ఆ తర్వాత ఎన్నాళ్ళైనా మాట్లాడకు, నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ అనను.

రాసింది హారికకి చదివి వినిపించాను. దుప్పట్లు మడతపెడుతూ విన్నది. అంతా అయ్యాక అడిగింది. "ఆ అసలు ఫోటో ఎలా ఉంటుందో నేను ఇంతవరకు చూడలేదు, తెలుసా? అన్నయ్య దిద్దాకే కంప్యూటర్ తెర ఇటు తిప్పమన్నాను." ఎదురుగా కూర్చుని వందసార్లు ఆ ముఖం చూసినదాన్ని నేను. దుప్పటి రెండో అంచు పట్టుకున్నాను.

అమ్మ కాళ్ళకి నా తరఫున ఒకసారి దణ్ణం పెట్టు, నీకు కూడా పెట్టుకున్నాననుకో. వదినకి, మాస్టారికి నమస్కారాలు. బుజ్జిగాడికి ముద్దులు. ఈ సంగతి మాస్టారింట్లో ఇప్పుడే చెప్పకండి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, ఏ లోటూ లేదు.

ఒక్క మాట. హారిక మెయిల్ అడ్రసు వదినకి విడిగా పంపుతున్నాను. ఫోటో దానికే పంపు. నాకు వద్దు. ముందు తనని చూసుకోనీ.

నీ చెల్లెలు,
విజయ