తాత ఛాతీ మీద పాప వెతుకులాట

అందుకే ఈ చీటీ రాయిస్తున్నా కోడలు పిల్లా సైమీ, పాప లేవగానే ముక్కు గొట్టంలో పాలు పొయ్యకు. ముందు ఒంటికి ఒళ్ళు తగిలేలా నీ గుండెల మీద పడుకోబెట్టుకో. తాగకపోతే అప్పుడే గొట్టం. రొమ్ము దగ్గరికి తేగానే నిద్రపోయే నెలతక్కువ పిల్ల ఇవాళ నోరు తెరిచింది! తెరిచింది నా మీద! ఆవిరిస్నానం చేసొచ్చి, కుర్చీ మీదున్న గుడ్డతో ఛాతీ తుడుచుకున్నా. అది నీ పాలవాసన కోసం పాప పక్కన పెట్టే గుడ్డని నాతో ఎవరన్నా చెప్పారా? ఎత్తుకోగానే నా ఛాతీ బొచ్చంతా వెతికి వెతికి నోటితో గట్టిగా పట్టేసింది. ఇది రాస్తున్న నీ ఆడపడుచు ఎల్లీ నవ్వలేక చస్తోంది.

నేను చేపల వలలు ఎత్తడానికి పోతున్నా. ఓడ మీదున్న మావాడు ఫోన్ చేస్తే ఇది చదివి వినిపించు. కూతురు పాలు వెతుక్కుంటోందని వాడికి తెలియాలి. ఎక్కడ వెతికిందో మాత్రం చదవకు.